అంగుళానికి ఎన్ని పోగులు

తిరుపతి తిలక్ రోడ్డులో ఇలియాస్ అంగడి.
గోడ మీద పదకొండు తెరలు, పదకొండింట్లోనూ
అదే చిలక, అదే రెక్క విప్పడం.
"ఇరవై నాలుగా, ఇరవై ఏడా, ముప్పై రెండా పాపా?"
పొద్దున్నుంచి అడగతానే ఉండాడు.
నా సంచిలో పంతొమ్మిది వేలు,
శ్రీసిటీ నైట్ డ్యూటీ నిద్దర ఇంకా వదలని నోట్లు.

మా నాయిన ఏకాంబరం
ధర అడగలేదు, కంపెనీ పేరు అడగలేదు.
జేబులోంచి టేపు తీసినాడు.
మూల నించి మూలకు పట్టి చూసి
"ఇదేందబ్బా, ఏటవాలుగా కొలిచి అమ్ముతా ఉండారే!
మేం ఇట్ల అమ్మింటే
నగరి సంతలో చెప్పుతో కొట్టుందురు" అన్నాడు.
ఇలియాస్ నవ్వి టీ చెప్పినాడు.

నలభై ఏండ్లు పవర్‌లూమ్ కాడ నిలబడిన మనిషి.
చెవులు సగం మగ్గానికే ఇచ్చేసినాడు.
గట్టిగా చెప్పల్ల:
"నాయినా, ఇరవై ఏడులో రెండు రకాలుండాయి.
ఒకదాంట్లో పడుగు పంతొమ్మిది వందల ఇరవై,
పేక వెయ్యిన్ని ఎనభై.
ఇంకోదాంట్లో పడుగు రెండు వేల ఐదు వందల అరవై,
పేక పద్నాలుగు వందల నలభై."

"అంగుళానికి?"

ఇలియాస్ క్యాలికులేటర్ నొక్కినాడు.
"మొదటిదానికి ఎనభై రెండు."
"జల్లెడ. పిండి జల్లించుకోను బాగుంటాది. రెండోది?"
"నూట తొమ్మిది."
"ఆ. అది గుడ్డ."

ఆశ చావక ఇలియాస్ ఫోర్‌కే కూడా వెలిగించినాడు.
అంగుళానికి నూట అరవై మూడు.
నాయిన దాన్ని చానాసేపు చూసినాడు,
కంచిపట్టు అంగడి ముందర చేతులు కట్టుకున్నట్టు.
తర్వాత నా తట్టు తిరిగి,
"మన మోటారు దీన్ని లాగతాదా?"

లాగదు.
నా కార్డు మూడు చేతులు మారి వచ్చింది.
దానికి ఇంత బరువెత్తితే
శత్రువు తలుపు దాటేది కనబడదు,
దాటేసినాకే కనబడతాడు.
"పోగులు జాస్తై మోటారు చిన్నదైతే
మగ్గం మూలుగుతాది" అని
తెర మీద నించి చెయ్యి తీసేసినాడు,
తనదే ఏదో తిరిగిచ్చేసినట్టు.

ముప్పై రెండు సంగతి నేనే తేల్చుకున్నా.
మా బల్ల అడుగున్నర వెడల్పు,
అవతల గోడ, ఇవతల మంచం.
అంత దగ్గర అంత పెద్ద తెరంటే
నేల టికెట్టు, మొదటి వరస, మెడ నొప్పి.
మూల్లో చిన్న పటం చూసొచ్చే లోపల
మధ్యలో నన్ను కాల్చేస్తారు.

వడమాలపేట దాకా నిలబడే వచ్చినాం.
సీటు దొరికినాక పెట్టెను ఒళ్ళో పెట్టుకున్నాడు.
కండక్టరు లగేజీ టికెట్టు అంటే
"లగేజీ కాదు సామీ, గుడ్డ" అన్నాడు.
కండక్టరు టికెట్టు కొట్టనే కొట్టినాడు.

రాత్రి, పక్కింటి మగ్గం ఆగినాక, ఆట పెట్టినా.
మంచు కొండ. వంతెన.
వాడొకడు, నేనొకదాన్ని మిగిలినాం.
నాయిన బీరువాలోంచి ఇత్తడి పోగులద్దం తెచ్చి
నేరుగా వంతెన మీద ఆనించినాడు.
"తియ్యి నాయినా, వాడొస్తాడు!"
వినబడలేదో, వినలేదో.
ఒక కన్ను మూసి, రెండోది అద్దానికి ఆనించి
గోటితో లెక్క పెడతా ఉండాడు.
"ఎరుపు, పచ్చ, నీలం.
ఎరుపు, పచ్చ, నీలం.
తెల్ల పోగు యాడా లేదే పాపా.
ఇంత మంచు కురస్తా ఉండాదే,
ఒక్కటంటే ఒక్క తెల్ల పోగు లేదే!"

వంతెన కింద తుపాకి పేలింది.
నేను పడిపోయినా.
తెరంతా బూడిద రంగుకు తిరిగింది.

ఆయన అద్దం తియ్యలేదు.
"ఇప్పుడూ ఆ మూడే" అన్నాడు.